డోసు వచ్చింది సరే, నర్సు జీతం ఎక్కడ?

(కాలిఫోర్నియాలోని తెలుగువాళ్ళ కోసం, కౌంటీ బడ్జెట్ల మీద జరిగిన ప్రసంగాల్లో ఒకటి. రికార్డింగు విని, తడబాట్లు మాత్రం తీసేసి, ఆరోజు రాలేకపోయినవాళ్ళ కోసం టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినిపిస్తోందా? ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి, భయపడకండి, ఇవాళ సూదులు వేయడం లేదు.

2009లో స్వైన్ ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒకటి, రెండు... నాలుగు చేతులు. ఆ డోసుకి మీరెంత కట్టారు? ఏమీ కట్టలేదు. ఎందుకంటే డోసులన్నీ ఫెడరల్ ప్రభుత్వమే కొన్నది. సూదులు, సిరంజిలు, స్పిరిట్ దూది, వాడిన సూదులు పడేసే డబ్బాలు, అవీ వాషింగ్టన్ నుంచే వచ్చాయి. బాగానే ఉంది కదా? మరి ఆ సూది గుచ్చిన నర్సమ్మకి ఆ రోజు జీతం ఎవరిచ్చారు? హాలు అద్దె ఎవరిచ్చారు? పార్కింగ్ దగ్గర నిలబడి జనాన్ని లైన్లో పెట్టినాయనకి ఎవరిచ్చారు? ఇవాళ నేను మాట్లాడేది ఆ డబ్బు గురించి. టీకా డబ్బు గురించి కాదు. టీకా వేయడానికయ్యే డబ్బు గురించి. ఈ రెండూ వేరు. కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, అన్నీ చిక్కుకున్నది ఈ రెంటి మధ్యనే.

ముందు తారీకులు చెప్పేస్తాను. 2009 ఏప్రిల్లో, ఇక్కడే, దక్షిణ కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల్లో ఈ కొత్త వైరస్ బయటపడింది. మే నెలకల్లా మన హైదరాబాదు చేరింది. ఇండియాలో మొదటి కేసు అదే, అమెరికా నుంచి వెళ్ళిన ప్రయాణికుడు. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అని ప్రకటించింది. జూన్ 24న అధ్యక్షుడు అదనపు బడ్జెట్ చట్టం మీద సంతకం పెట్టారు. అందులో ఫ్లూ కోసం పెట్టింది 765 కోట్ల డాలర్లు. చాలా పెద్ద మొత్తం. కానీ ఎటు పోయింది? సింహభాగం టీకా తయారీకి, కొనుగోలుకి. రాష్ట్రాలకీ, స్థానిక ఆరోగ్యశాఖలకీ వచ్చిన గ్రాంటు, పీహెచ్‌ఈఆర్ అనేవాళ్ళు, అంటే ప్రజారోగ్య అత్యవసర స్పందన, అన్ని విడతలూ కలిపి సుమారు 140 కోట్ల డాలర్లు. మొదటి విడత 26 కోట్లు, ఇది ప్రణాళికలకి. మూడో విడత అన్నిటికన్నా పెద్దది, 84.6 కోట్లు, జనానికి టీకా వేసే పనికి.

ఈ డబ్బు నేరుగా కౌంటీకి రాదండీ. గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది. సీడీసీ, అంటే ఫెడరల్ ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ, దాని దగ్గర్నుంచి నేరుగా గ్రాంటు తీసుకునేవాళ్ళు దేశం మొత్తం మీద 62 మంది. యాభై రాష్ట్రాలు, దీవులు వగైరా ఎనిమిది, నాలుగు స్థానిక ప్రభుత్వాలు: న్యూయార్క్ నగరం, షికాగో, వాషింగ్టన్ డీసీ, మన లాస్ ఏంజెలెస్ కౌంటీ. అంతే. మిగతావాళ్ళందరికీ రాష్ట్రం చేతుల మీదుగానే. కాలిఫోర్నియాలో 58 కౌంటీలు, వాటికి తోడు సొంత ఆరోగ్యశాఖ ఉన్న మూడు నగరాలు, బర్కిలీ, లాంగ్ బీచ్, పాసడీనా. మొత్తం 61. లాస్ ఏంజెలెస్ కౌంటీని పక్కన పెడితే, అరవై చోట్లకి రాష్ట్ర రాజధాని శాక్రమెంటో నుంచి పంపకం జరగాలి.

ఆ పంపకం ఎలా జరుగుతుందో ఒక్కొక్క మెట్టూ చూద్దాం. విసుగ్గా ఉంటుంది, కానీ జబ్బంతా ఇక్కడే ఉంది. సీడీసీ అవార్డు పత్రం పంపుతుంది. ఆ డబ్బు ఖర్చుపెట్టే అధికారం రాష్ట్ర ఆరోగ్యశాఖకి ఉండాలి. జనాభా లెక్కన, చిన్న కౌంటీలకి కనీసపు మొత్తం కలిపి, రాష్ట్రం వాటాలు కడుతుంది. కౌంటీ పని ప్రణాళిక, బడ్జెట్ రాసి పంపుతుంది. ఒప్పందం మీద సంతకాలు అవుతాయి. తరువాత అది కౌంటీని నడిపే, ఎన్నికైన సూపర్వైజర్ల బోర్డు ముందుకి రావాలి. బోర్డులో మామూలుగా అయిదుగురు. కౌంటీ ఆర్థిక సంవత్సరం జూలై 1న మొదలవుతుంది, బడ్జెట్ అప్పటికే అయిపోయింది. అనుకోకుండా వచ్చిన రాబడిని బడ్జెట్లో కలపాలంటే కాలిఫోర్నియా చట్టం ప్రకారం అయిదింట నాలుగు ఓట్లు కావాలి. మూడు చాలవు. అజెండా 72 గంటల ముందు అతికించాలి. ఆగస్టులో కొన్ని బోర్డులు అసలు కూర్చోవు, సెలవులు. వైరస్‌కి సెలవులు లేవు కదా!

ఇదంతా అయ్యాక డబ్బు చేతికొచ్చిందా? కొంత ముందే ఇస్తే అదృష్టం. చాలా గ్రాంట్లలో పద్ధతి ఏమిటంటే, ముందు మీ జేబులోంచి ఖర్చుపెట్టండి, మూడు నెలలకోసారి బిల్లు పంపండి, మేం తిరిగి ఇస్తాం. పెద్ద కౌంటీ అయితే సాధారణ నిధిలోంచి సర్దుతుంది. కొండల్లో ఇరవై వేల జనాభా ఉన్న చిన్న కౌంటీ? దాని ఆరోగ్యశాఖలో మనుషులే పదిహేను మంది. వాళ్ళు ఎక్కడ సర్దుతారు?

ఇక్కడ ఇంకో మెలిక. "ఉన్న ఖర్చుకి బదులుగా వాడకూడదు" అనే షరతు. అంటే కౌంటీ ఇప్పటికే జీతం ఇస్తున్న నర్సు జీతాన్ని ఈ గ్రాంటులోకి నెట్టి, కౌంటీ డబ్బు మిగుల్చుకోకూడదు. న్యాయమైన షరతే. కానీ 2009 ఎలాంటి సంవత్సరం? ఆర్థిక మాంద్యం. 2008, 2009, ఆ రెండేళ్ళలో దేశవ్యాప్తంగా స్థానిక ఆరోగ్యశాఖల్లో దాదాపు 23 వేల ఉద్యోగాలు పోయాయి. ఒక చేత్తో నర్సుకి తొలగింపు నోటీసు, రెండో చేత్తో నర్సు కావాలని గ్రాంటు దరఖాస్తు. కొత్తగా తీసుకుందామంటే నియామకాల మీద నిషేధం. నిషేధం నుంచి మినహాయింపు కావాలి, పోస్టు సృష్టించాలి, సివిల్ సర్వీస్ జాబితా, నేపథ్య తనిఖీ. మూణ్ణాలుగు నెలలు. సెప్టెంబరులో మొదలుపెడితే మనిషి జనవరిలో కూర్చుంటాడు. రెండో అల ఎప్పుడు ఉధృతమైంది? అక్టోబరు ఆఖర్లో.

అందుకని ఏం చేశారు? ఏజెన్సీల నుంచి తాత్కాలిక నర్సులు, గంటకి ఎక్కువ రేటు. ఉన్నవాళ్ళకి ఓవర్‌టైము. రిటైరైనవాళ్ళు. మెడికల్ రిజర్వ్ కోర్ వాలంటీర్లు. వాలంటీరు ఉచితం అనుకోకండి, వాళ్ళ లైసెన్సు సరిచూడాలి, శిక్షణ ఇవ్వాలి, ఎవరు ఏ శనివారం వస్తారో పట్టిక రాయాలి. ఆ పట్టిక రాసేవాడికి జీతం కావాలి.

"ముందే సిద్ధంగా ఉండొచ్చు కదా" అని మీరు అడగొచ్చు. ఉన్నారండీ, కొంతవరకు. 2006 నుంచి బర్డ్ ఫ్లూ భయంతో మహమ్మారి సన్నద్ధతకని రాష్ట్రాలకీ స్థానిక ప్రభుత్వాలకీ 60 కోట్ల డాలర్లు ఇచ్చారు. ప్రణాళికలు రాశారు, కసరత్తులు చేశారు. ఆ నిధి 2008లో ఆగిపోయింది. వైరస్ 2009లో వచ్చింది. ప్రణాళిక పుస్తకం బీరువాలో ఉంది, అది రాసిన మనిషి లేడు.

సరే, లెక్క వేద్దాం. మీలో ఎక్కువమంది లెక్కలవాళ్ళే. ఒక శనివారం హైస్కూలు జిమ్నాజియంలో వెయ్యి మందికి టీకా వేయాలి. ఒక నర్సు గంటకి 20 సూదులు వేస్తుందనుకుందాం. చిన్నపిల్లలు ఎక్కువుంటే అంత కూడా రాదు, ఏడ్చే పిల్లాణ్ణి పట్టుకోవాలి. పదిమంది నర్సులు, అయిదు గంటలు: వెయ్యి. పదిమంది చాలా? చాలరు. నమోదు బల్లల దగ్గర ఎనిమిదిమంది. అనుమతి పత్రం చదివి, గుడ్డు పడదా, గర్భమా, ఆస్తమా ఉందా అని అడిగేవాళ్ళు అయిదుగురు. దుబాసీలు ముగ్గురు. లైను చూసేవాళ్ళు నలుగురు. వేయించుకున్నాక కాసేపు కూర్చోబెట్టి చూసేవాళ్ళు ఇద్దరు. ఫ్రిజ్ దగ్గర, డోసుల లెక్క చూసే మనిషి ఒకరు. సెక్యూరిటీ ఇద్దరు. మొత్తం నడిపించే అధికారి ఒకరు. కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు ఇద్దరు. కలిపితే 38. సర్దడానికి, మూటగట్టడానికి కలిపి ఎనిమిది గంటల రోజు. అంటే 304 మనిషి-గంటలు. సగటున గంటకి యాభై డాలర్లు వేసుకోండి, ఇది కేవలం లెక్క కోసం నేను పట్టుకున్న అంకె, 15,200 డాలర్లు. వెయ్యితో భాగిస్తే డోసుకి పదిహేను చిల్లర. హాలు, ఐస్ పెట్టెలు, ముద్రణ, వాడిన సూదుల పారవేత, ఇవన్నీ ఇంకా కలపలేదు.

ఇప్పుడు అసలు విషయం చూడండి. ఆ శనివారం నాలుగు వందల మందే వచ్చారు. ఖర్చు తగ్గిందా? 15,200 అలాగే ఉంది. డోసుకి 38 డాలర్లయింది. గ్రాంటు జనాభా లెక్కన వస్తుంది. ఖర్చు మాత్రం ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి కాదు, ఎంతమందిని నిలబెట్టారన్నదాన్ని బట్టి అవుతుంది. తలకింత అని డబ్బిచ్చేవాళ్ళకి ఈ తేడా అర్థం కాదు. పెళ్ళిభోజనాలు చేయించినవాళ్ళకి బాగా అర్థమవుతుంది.

ఇక పిల్లల సంగతి. పదేళ్ళలోపు వాళ్ళకి రెండు డోసులు, నాలుగు వారాల ఎడంతో. అంటే అదే పిల్లాడికి రెండు క్లినిక్కులు. జనాభా లెక్కలో వాడు ఒక్కడే, ఖర్చులో ఇద్దరు.

2009 అక్టోబరులో దెబ్బకొట్టింది మాత్రం సరఫరా. వేసవిలో చెప్పిన అంచనా, అక్టోబరు మధ్యకల్లా 12 కోట్ల డోసులు. ఆగస్టులో దాన్ని 4.5 కోట్లకి దించారు. తీరా అక్టోబరు నెలాఖరుకి పంపకానికి సిద్ధమైనవి 3 కోట్ల లోపే. కారణం? టీకా వైరస్‌ని కోడిగుడ్లలో పెంచుతారు, ఈ వైరస్ గుడ్లలో సరిగా పెరగలేదు. ఎవరి తప్పూ కాదు. కానీ కౌంటీలు అప్పటికే హాళ్ళు మాట్లాడేశాయి, ఏజెన్సీ నర్సులకి తారీకులిచ్చేశాయి, స్కూళ్ళకి ఉత్తరాలు పంపేశాయి. రద్దు చేస్తే డబ్బు, చేయకపోతే డబ్బు.

పైగా మొదట వచ్చింది సూది మందు కాదు, ముక్కులో కొట్టే స్ప్రే. అక్టోబరు 5 నుంచి వేయడం మొదలైంది. అది బతికున్న, బలహీనపరచిన వైరస్. రెండేళ్ళ నుంచి 49 ఏళ్ళ వరకు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే. గర్భిణులకి పనికిరాదు. మరి అందరికన్నా ముందు వేయమన్నది ఎవరికి? గర్భిణులకి, ఆరు నెలల లోపు పసిబిడ్డల్ని చూసుకునేవాళ్ళకి, ఆసుపత్రి సిబ్బందికి, ఆరు నెలల నుంచి 24 ఏళ్ళ వాళ్ళకి, 25 నుంచి 64 మధ్య జబ్బులున్నవాళ్ళకి. వీళ్ళంతా కలిపి దాదాపు 15.9 కోట్ల మంది. గర్భిణుల కోసం క్లినిక్కు పెట్టుకుంటే ఫ్రిజ్‌లో స్ప్రే ఉంది. యాభై దాటిన నర్సులకి వేద్దామన్నా అదే.

సూది మందు వచ్చాక అందులోనూ రకాలు. పది డోసుల సీసా ఒకటి, విడి సిరంజి ఒకటి. సీసాలో థయోమెర్సాల్ అనే, పాదరసం ఉన్న నిల్వమందు ఉంటుంది. కాలిఫోర్నియాలో గర్భిణులకి, మూడేళ్ళలోపు పిల్లలకి ఆ పాదరసం పరిమితి మించకూడదని చట్టం ఉంది. అంటే ఒకే ఫ్రిజ్‌లో మూడు రకాలు, మూడు అరలు, మూడు లెక్కలు. అన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య. హాస్టల్ గదిలో పెట్టుకునే బుల్లి ఫ్రిజ్ పనికిరాదు, మంచుగడ్డ పక్కన టీకా గడ్డకడితే పారేయాల్సిందే. సరైన ఫ్రిజ్, ఉష్ణోగ్రత రాసుకునే పరికరం, ఇవి కూడా గ్రాంటులో అడగవలసిన వస్తువులే. అడగడం మరిచిపోయేది ఎక్కువగా వీటినే.

డోసుల రవాణా మెకెసన్ కంపెనీ చేసింది. కనీస ఆర్డరు వంద డోసులు. చిన్న డాక్టరు గారి క్లినిక్కుకి ముప్ఫయి చాలు. ఆ వంద ఎక్కడికి పోవాలి? కౌంటీ ఆఫీసుకి. అక్కడ విడదీసి, ఐస్ పెట్టెల్లో పెట్టి, కౌంటీ మనిషి కారేసుకుని తిరగాలి. ఆ కారు, ఆ మనిషి, ఆ రోజు కూలీ, ఇవి వాషింగ్టన్ లెక్కలో ఏ వరసలో ఉన్నాయి? సిరంజిలు వేరే పెట్టెలో, వేరేగా వస్తాయి. ఒకటొచ్చి ఒకటి రాకపోతే క్లినిక్కు లేదు.

"ఇన్సూరెన్సు ఉందిగా, వాళ్ళ దగ్గర వసూలు చేయొచ్చుగా?" మంచి ప్రశ్న, మొదటి వరసలో ఆయన అడుగుతున్నారు. టీకాకి ఎవరూ వసూలు చేయకూడదు. వేసినందుకు రుసుము తీసుకోవచ్చు, ఆ ప్రాంతపు మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్సు) రేటు దాటకుండా. దానికోసం కొత్త కోడ్‌లు ఇచ్చారు, మెడికేర్‌కి జీ9141, మామూలు ఇన్సూరెన్సులకి 90470. అయితే ఆరోగ్యశాఖ ఇన్సూరెన్సు కంపెనీతో ముందే ఒప్పందం చేసుకుని ఉండాలి. చాలా కౌంటీలకి ఆ ఒప్పందాలే లేవు, బిల్లింగు గుమాస్తా లేడు. ఒక్క మెడికేర్‌లో మాత్రం జాబితా బిల్లింగు అని ఉంది, ఒక్క ఫారానికి పేర్ల పట్టిక తగిలించి పంపొచ్చు. కానీ 65 దాటినవాళ్ళు అప్పటికి మొదటి వరసలో లేరు. చూశారా తమాషా? సులువుగా డబ్బు రాబట్టగలిగిన వాళ్ళకి ఇంకా టీకా లేదు.

డిసెంబరుకి టీకా పుష్కలంగా వచ్చింది. జనం రావడం మానేశారు, అల తగ్గిపోయింది. చివరికి దేశంలో దాదాపు 8 కోట్ల మంది వేయించుకున్నారు. 2010 జూన్ ఆఖరున దాదాపు 4 కోట్ల డోసులు గడువు దాటి ధ్వంసం చేయాల్సొచ్చింది. పత్రికలన్నీ ఈ రెండో అంకె మీద పడ్డాయి. నన్నడిగితే అది పెద్ద నేరం కాదు, ఇన్సూరెన్సు ప్రీమియం లాంటిది. ఆ ఏడాది ఈ జబ్బుతో అమెరికాలో దాదాపు 12,500 మంది చనిపోయారని సీడీసీ అంచనా. నవంబరులో డోసు ఉండీ వేసే చెయ్యి లేకపోవడం, నా దృష్టిలో అది పెద్ద నష్టం. దాన్ని ఎవరూ ఫొటో తీయలేరు, అందుకే పత్రికల్లో రాదు.

అందరూ ఒకేలా చేశారా? లేదు. మొదటి నాలుగు నెలల లెక్క చూస్తే, పిల్లల్లో టీకా శాతం జార్జియాలో 21, రోడ్ ఐలండ్‌లో 85. ఎంత తేడా! రోడ్ ఐలండ్ పిల్లలకి స్కూళ్ళలోనే వేసింది. ఇంకో సంగతి, అక్కడ కౌంటీ ఆరోగ్యశాఖలే లేవు. రాష్ట్రమే అన్నీ చేస్తుంది. అయిదింట నాలుగు ఓట్లు లేవు, ఉప-గ్రాంటు ఒప్పందాలు లేవు. చిన్న రాష్ట్రం కాబట్టి చెల్లింది, మనకి అది కుదరదు. కానీ స్కూల్లో వేయడం మనకీ కుదురుతుంది. పిల్లలు ఎటూ అక్కడే ఉన్నారు, హాలు అద్దె లేదు, ఎంతమంది వస్తారో ముందే తెలుసు. నా లెక్కలో 38 డాలర్లయిన డోసు మళ్ళీ పదిహేనుకి దిగేది ఇలాంటి చోటే. ఇబ్బందల్లా అనుమతి పత్రాలు: ఇంటికి పంపాలి, సంతకంతో తిరిగి రావాలి, ఏ పిల్లాడికి స్ప్రే, ఏ పిల్లాడికి సూది అని ముందు రాత్రే విడదీసుకోవాలి. ఇది చేయడానికి ఒక గుమాస్తా, మూడు వారాలు. గ్రాంటులో ఆ గుమాస్తాని పెట్టిన కౌంటీకి శనివారం హాయిగా గడుస్తుంది.

2020 గురించి ఎక్కువ చెప్పను, మీరందరూ చూసిందే. అదే కథ, అంకెలు పెద్దవి. 2020 సెప్టెంబరులో సీడీసీ డైరెక్టరు సెనేట్ ముందు, టీకా పంపకానికి రాష్ట్రాలకి దాదాపు 600 కోట్ల డాలర్లు కావాలన్నారు. డిసెంబరు 14న మొదటి డోసు పడేనాటికి వాళ్ళకి కేటాయించింది 34 కోట్లు. డిసెంబరు 27న చట్టం అయింది, 875 కోట్లు. డోసు ముందు, డబ్బు తరువాత. మళ్ళీ. తరువాత 2025 మార్చిలో, కోవిడ్ కాలపు ఆరోగ్య గ్రాంట్లలో ఖర్చుకాకుండా మిగిలిన దాదాపు 1,140 కోట్లు ఒక్కసారిగా రద్దు చేశారు. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్ళి ఆపించుకున్నాయి. గ్రాంటు మీద కుర్చీలు వేస్తే, గ్రాంటు పోయినరోజు కుర్చీలూ పోతాయి.

ఇండియాలో పంచాయతీలు, మున్సిపాలిటీల ద్వారా ప్రాథమిక ఆరోగ్యానికి పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి అయిదేళ్ళకి 70,051 కోట్ల రూపాయలు కేటాయించింది. మహమ్మారి కోసం కాదు, మామూలు రోజుల కోసం. అమలు ఎలా ఉందన్నది వేరే చర్చ. కానీ "అయిదేళ్ళకి, ముందే" అన్న ఆ రెండు మాటలు ఇక్కడి కౌంటీ అధికారికి చెప్పి చూడండి, అసూయపడతాడు.

మరి మన కౌంటీని ఏం అడగాలి? బడ్జెట్ విచారణ జూన్‌లో ఉంటుంది. "ఫ్లూకి ఎంత పెట్టారు" అని అడగకండి, ఏదో ఒక అంకె చెబుతారు. అత్యవసర పరిస్థితిలో గ్రాంటు వస్తే, బోర్డు మళ్ళీ కూర్చోకుండా ఆరోగ్యాధికారి ఫలానా మొత్తం దాకా స్వీకరించి ఖర్చుపెట్టేలా ముందస్తు తీర్మానం ఏమైనా ఉందా అని అడగండి. లేకపోతే ఎందుకు లేదో, న్యాయ సలహాదారు ఏమంటారో అడగండి. నర్సుల ఏజెన్సీతో ఇప్పుడే, రేటు ఖాయం చేసుకుని, పిలిచినప్పుడే డబ్బిచ్చే ఒప్పందం ఉందా? అందులో 48 గంటల ముందు చెబితే రద్దు రుసుము లేదని రాసుందా? 2009లో ఆ ఒక్క వాక్యం లేక ఎంత పోయేదో మీరే లెక్కవేసుకోండి, మనిషి-గంటలు ఇందాకే చెప్పాను. ఇన్సూరెన్సు కంపెనీలతో బిల్లింగు ఒప్పందాలు ఎన్నిటితో ఉన్నాయి? గ్రాంటు మీద నడిచే పోస్టులు ఎన్ని, సొంత నిధి మీద నడిచేవి ఎన్ని? ఈ చివరి ప్రశ్నకి జవాబు బడ్జెట్ పుస్తకంలో ఉండదు, పోస్టుల పట్టిక అనుబంధంలో ఉంటుంది. కాస్త వెతకాలి.

మాట్లాడటానికి మనిషికి మామూలుగా మూడు నిమిషాలిస్తారు, జనం ఎక్కువైతే ఒక నిమిషానికి కుదిస్తారు. కాబట్టి ఒక్కొక్కరు ఒక్క ప్రశ్నే పట్టుకెళ్ళండి, కాగితం మీద రాసి క్లర్కుకి కూడా ఇవ్వండి, రికార్డులోకి ఎక్కుతుంది. సరే, ఇక మీరు అడగండి. అమ్మా, మైకు ఆవిడకివ్వండి.